ఈ కాగితం మీకు కాదు

నా టేబుల్ మీద ఒక కాగితం ఉంది. మడిస్తే అగ్గిపెట్టెలో పట్టేస్తుంది, విప్పితే మూరెడు. అవతలి వైపు అక్షరాలు ఇవతలికి కనపడేంత పల్చన. రెండు వైపులా నాలుగేసి కాలమ్‌లు, చీమ తలకాయంత అక్షరాలు. కార్బమజెపీన్ అనే మందు డబ్బాలో పెట్టి పంపే కాగితం ఇది. ఇంగ్లిష్‌లో ప్యాకేజ్ ఇన్సర్ట్ అంటారు. తెలుగులో దీనికి పేరు లేదు. డాక్టర్ రాసిచ్చేది మందుల చీటీ, షాపులో ఇచ్చేది బిల్లు, ఇది మాత్రం 'ఆ లోపలుండే కాగితం'.

ఇక్కడ నేను మామూలుగా కథల పుస్తకాల గురించి రాస్తుంటాను. ఈసారి ఈ కాగితం గురించి. వెరైటీ కోసం కాదు. గత ఏడాదిన్నరలో నేను ఇన్నిసార్లు తిరగేసి చదివిన రచన ఇంకోటి లేదు. మిగతా రచనల్ని ఏం అడుగుతామో దీన్నీ అదే అడగాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను. ఎవరి కోసం రాశారు, ఎవర్ని వదిలేశారు, చెప్పాల్సింది చెప్పారా లేదా.

ఎవరి కోసం అన్నదానికి జవాబు వెతుక్కోనక్కర్లేదు, మొదటి లైన్లోనే ఉంది. ఇది రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, లేదా ఆసుపత్రి, లేదా లేబరేటరీ వాడకానికి మాత్రమే అని. అంటే డబ్బులిచ్చి కొన్నది నేను, మింగేది నేను, డబ్బా విప్పింది నేను, లోపలున్న ఉత్తరం మాత్రం వేరేవాళ్ల పేరు మీద ఉంది. (ఆ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌ని పొడి అక్షరాల్లో రాస్తే ఆర్.ఎం.పి. మన ఊళ్లలో 'ఆరెంపీ' అంటే ఎవరో మీకు తెలుసు. ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా బండి మీద వచ్చి సూదేసి వెళ్లే పెద్దమనిషి. చట్టం పుట్టించిన మాట ఊళ్లోకి వచ్చేసరికి సరిగ్గా తలకిందులైంది.)

కాగితం సంగతి అలా ఉంచి షీటు వెనక చూద్దాం. షెడ్యూల్ హెచ్ మందుల మీద ఒక హెచ్చరిక ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదు అని దాని సారాంశం. క్రియాపదం చూడండి: అమ్మకూడదు. ఆ వాక్యం అమ్మేవాడితో మాట్లాడుతోంది. మింగేవాడు అందులో కర్త కాదు, కర్మ కాదు, అసలు లేడు. 2014 మార్చి నుంచి అమల్లోకొచ్చిన షెడ్యూల్ హెచ్1 మందులకి ఎర్ర గడి కట్టి, వైద్యుల సలహా ప్రకారం కాకుండా ఈ మందు వేసుకోవడం ప్రమాదం అని కూడా రాస్తారు. కాస్త నయం. ఇక్కడ వేసుకోవడం అనే పని ఉంది, వేసుకునే మనిషే ఇంకా రాలేదు. ఏం ప్రమాదం? ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఏం చెయ్యాలి? ఆ మూడూ లేవు.

వ్యాకరణం మీద నాకింత పట్టింపు ఎందుకొచ్చిందో చెప్పాలి.

ఏడాదిన్నర కిందట మా అమ్మకి కుడి చెంపలో నొప్పి మొదలైంది. పళ్లు తోముకున్నా, చల్లగాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు. పంటి నొప్పనుకుని ఒక పన్ను పీకించుకుంది కూడా. చివరికి అది ముఖంలో ఉండే నరం నొప్పి అని తేలింది. దానికి ముందుగా ఇచ్చే మందు కార్బమజెపీన్, మూర్ఛకి వాడేదే. ఇచ్చిన మందు సరైనదే. అది ముందే చెప్తున్నా, ఎందుకంటే ఎవరో ఒకర్ని తిట్టుకోవడానికి నేనే చాలా ప్రయత్నించాను, కుదర్లేదు.

అమ్మ తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. నాలుగు రోజులకి మించి మందులు ఒకేసారి కొనే అలవాటు అమ్మకి లేదు. "పడకపోతే దండగ కదే" అంటుంది. షాపులో షీటు కత్తిరించి ఎనిమిది బిళ్ళలు కాగితం కవర్లో వేసి ఇస్తారు. ఆ కత్తెర కింద మందు పేరు సగం పోతుంది, ఎక్స్‌పైరీ తేదీ పోతుంది. లోపలి కాగితం డబ్బాతో పాటు షాపులోనే ఉండిపోతుంది. మనలో ఎంతమందిమి ఇలాగే కొంటామో చెప్పక్కర్లేదు.

13వ రోజు జ్వరం, గొంతు నొప్పి. వైరల్ అనుకున్నాం. 15వ రోజుకి కళ్లు ఎర్రబడ్డాయి, నోట్లో పుండ్లు, మెడ మీదా ఛాతీ మీదా ఎర్ర మచ్చలు. మా పెద్దమ్మ వచ్చి చూసి "అమ్మవారు పోసిందే" అంది. గుమ్మానికి వేపాకు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉండగా మందులు మింగకూడదు, అన్నీ ఆపెయ్యమంది. అమ్మ నాకు ఫోన్ చేసింది. నేను చదువుకున్నదాన్ని కదా. "పెద్దమ్మ మాటలు పట్టించుకోకు, డాక్టర్ రాసిన బిళ్ళ మాత్రం ఆపొద్దు" అని గట్టిగా చెప్పాను. అమ్మ నా మాట విన్నది. ఇంకో మూడు రోజులు, రోజుకి రెండు చొప్పున, ఆరు బిళ్ళలు.

మచ్చలు బొబ్బలయ్యాక గుంటూరు తీసుకెళ్లాం. స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అన్నారు. మందు పడక ఒంటి మీద చర్మం, నోట్లోనూ కళ్లలోనూ ఉండే పల్చటి పొరలు కాలినట్టయి ఊడిపోయే జబ్బు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ఏం మందులు వాడుతున్నారు అని. అమ్మ సంచిలో ఉన్న షీటు ముక్క మీద పేరు తాలూకు చివరి నాలుగు అక్షరాలే మిగిలాయి. 19 రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. కళ్లలో నీరు ఊరదు, ఇప్పటికీ రోజుకి ఆరేడు సార్లు చుక్కలు వేసుకోవాలి. ఏడుపొచ్చినా కళ్లు తడవట్లేదని ఒకసారి నవ్వుతూ చెప్పింది.

తర్వాత నేను షాపుకెళ్లి పూర్తి డబ్బా ఒకటి కొన్నాను. కాగితం కోసం.

రెండో వైపు, మూడో కాలమ్‌లో ఉంది ఆ మాట. అరుదుగా ప్రాణాంతకమైన చర్మపు ప్రతిచర్యలు రావచ్చు, ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే, లక్షణాలు కనపడగానే మందు ఆపాలి అని. ఇంకాస్త కిందకొస్తే జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు, నోటి పుండ్లు కనపడితే వెంటనే వైద్యుణ్ని కలవాలని రోగులకు తెలియజేయాలి అని ఉంది. మా ఇంట్లో జరిగిన వరుసలోనే రాసి ఉంది, జ్వరం, గొంతు, మచ్చలు, నోరు. అంతా ముందే తెలిసినవాళ్లు రాసిన వాక్యం. ఆ తెలియజేయాలి అన్న మాట దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకరికి చెప్పమని ఇంకొకరికి చెప్తున్న వాక్యం అది. ఆ ఇంకొకరి గది బయట నలభై మంది కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

ఇంటర్నెట్‌లో అమెరికా లేబుల్ కూడా దొరుకుతుంది. 2007 డిసెంబర్‌లో అక్కడి ఎఫ్‌డీఏ ఈ మందు మీద హెచ్చరికని గట్టి చేసింది. హెచ్.ఎల్.ఏ.-బి 1502 అనే జన్యు రకం ఉన్నవాళ్లకి ఈ జబ్బు వచ్చే ముప్పు చాలా ఎక్కువనీ, ఆసియా మూలాలున్న వాళ్లకి మందు మొదలుపెట్టే ముందే ఆ పరీక్ష చెయ్యాలనీ. ఆ లేబుల్లో మన గురించి కూడా ఉంది. దక్షిణాసియా వాళ్లలో, భారతీయులతో సహా, ఈ రకం సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుందని, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువని. అమెరికాలో, ఇంగ్లిష్‌లో, అక్కడి డాక్టర్ల కోసం రాసిన కాగితంలో మా అమ్మలాంటి వాళ్ల ప్రస్తావన. అది చదివి నాకు కోపం కూడా రాలేదు, వింతగా అనిపించింది. మన గురించి ఎక్కడో ఎవరో మాట్లాడుకుంటుంటే తలుపు చాటున విన్నట్టు.

ఈ తలుపు ఎప్పుడూ ఇలాగే మూసి ఉందా అని వెతికాను. మందు వేసుకునే మనిషికి నేరుగా చెప్పాలా వద్దా అన్నది పెద్ద గొడవే అని తేలింది. అందులో రెండు ఘట్టాలు ఎవరైనా నాటకంగా రాయొచ్చు.

మొదటిది అమెరికాలో. గర్భనిరోధక మాత్ర 1960లో వచ్చింది, లక్షల మంది వాడుతున్నారు. రక్తం గడ్డలు కడుతోందని డాక్టర్ల పత్రికల్లో వస్తోంది, వాడే ఆడవాళ్లకి మాత్రం తెలీదు. బార్బరా సీమన్ అనే జర్నలిస్టు 1969లో దీని మీద ఒక పుస్తకం రాసింది. అది చూసి సెనేటర్ గేలార్డ్ నెల్సన్ 1970 జనవరిలో విచారణ పెట్టాడు. సాక్షులుగా డాక్టర్లనీ శాస్త్రవేత్తలనీ పిలిచారు. మాత్ర వేసుకునే ఆడమనిషిని ఒక్కరినీ పిలవలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్, ఇంకొందరు స్త్రీవాద కార్యకర్తలు ప్రేక్షకుల్లోంచి లేచి అరిచారు: మమ్మల్ని ఎందుకు అడగట్లేదు, మాకెందుకు చెప్పలేదు? టీవీ కెమెరాలు అటు తిరిగాయి. ఎఫ్‌డీఏ దిగొచ్చి, డబ్బాలో ఆడవాళ్ల కోసమే ఒక కాగితం పెట్టిస్తామంది.

ఆ తర్వాతదే నాకు, ఎడిటింగ్ పిచ్చి ఉన్నదానిగా, ఎక్కువ ఆసక్తి. మొదటి చిత్తుప్రతి 600 మాటల దాకా ఉంది. డాక్టర్ల సంఘాలూ కంపెనీలూ అభ్యంతరం చెప్పాయి. డాక్టరుకీ రోగికీ మధ్య ప్రభుత్వం దూరకూడదు, ఆడవాళ్లు భయపడిపోతారు అని. చివరికి అచ్చయినది వంద మాటలకి అటూ ఇటూ. రక్తం గడ్డల సంగతి ఒకటి చెప్పి, మిగతావి మీ డాక్టర్ని అడిగి తెలుసుకోండి అంటుంది. అంటే మళ్లీ అదే గదికి పంపించారు. అయినా ఆ వంద మాటల్లో ఒక కొత్త మనిషి ఉంది. 'మీరు'. మాత్ర వేసుకునే 'మీరు'. పూర్తి స్థాయి కాగితం రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. వేరే మందులకి కూడా ఇలాంటివి ఇవ్వాలని 1980లో రూల్ పెట్టారు, 1982లో రీగన్ ప్రభుత్వం ఎత్తేసింది. కొన్ని ప్రమాదకరమైన మందులకి మెడికేషన్ గైడ్ అనే పేరుతో మళ్లీ తెచ్చేసరికి 1999.

రెండో ఘట్టం బ్రిటన్‌లో. ఇది చదివాక రెండు రోజులు ఇంకేం చదవలేకపోయాను. వాల్‌ప్రోయేట్ కూడా మూర్ఛ మందే, మన దగ్గర కూడా బాగా వాడతారు. గర్భంతో ఉన్నప్పుడు వేసుకుంటే పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు వస్తాయని ఇవాళ తెలుసు. అప్పట్లో ఇంత తెలీదు, అనుమానం మాత్రం ఉంది. 1973లో మందుల భద్రత చూసే అక్కడి కమిటీ దీని గురించి మాట్లాడుకుంది. డాక్టర్లకి చెబుదాం, డబ్బాలోని కాగితంలో మాత్రం పెట్టొద్దు, రోగులు చూస్తే అనవసరంగా కంగారు పడతారు అన్న ధోరణిలో నిర్ణయం చేశారు. ఆ కాగితాలు నాలుగు దశాబ్దాల తర్వాత, ఆ మందు వాడిన తల్లులు పట్టుబట్టి పాత రికార్డులు వెతికితే బయటపడ్డాయి. 2020 జులైలో బేరనెస్ కంబర్లెజ్ కమిటీ ఇచ్చిన రిపోర్టులో ఆ తల్లుల గొంతులు పేజీల కొద్దీ వినిపిస్తాయి. ప్రభుత్వ రిపోర్టుల్లో అంత చదివించేది నేను చూడలేదు.

ఆ 1973 నిర్ణయంలో దుర్మార్గం కన్నా దయే ఎక్కువ కనపడుతుంది నాకు. అదే భయంగా ఉంటుంది. పాపం కంగారు పడతారు అని. మన ఇళ్లలో పెద్దవాళ్లకి కేన్సర్ వస్తే వాళ్లకి తప్ప అందరికీ చెప్తాం చూడండి, అలాంటి దయ.

బ్రిటన్ కథలో ఇంకో చిన్న సంగతి. హెచ్చరికలు వచ్చాక కూడా, పెద్ద డబ్బా విప్పి, కావాల్సినన్ని బిళ్ళలు వేరే తెల్ల డబ్బాలో పోసి ఇచ్చేవారు కొందరు ఫార్మసీ వాళ్లు. అందులో కాగితం ఉండేది కాదు. లేదా షాపు వాళ్లు అంటించే స్టిక్కర్ సరిగ్గా హెచ్చరిక మీదే పడేది. 2023 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో వాల్‌ప్రోయేట్‌ని కంపెనీ డబ్బాతోనే, విప్పకుండా ఇవ్వాలని రూల్ చేశారు. అది చదువుతున్నప్పుడు నాకు తెనాలి షాపులో కత్తెర కనపడింది.

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా వినాలి. అన్ని ప్రమాదాలూ చెప్పేస్తే జనం అవసరమైన మందులు కూడా మానేస్తారు అంటారు డాక్టర్లు. అది వట్టి మాటేం కాదు. యూరప్ కాగితాల్ని చూడండి. అక్కడ 1992 నుంచి డబ్బాలో రోగికి అర్థమయ్యే మాటల్లో, ఆ దేశపు భాషలో కాగితం ఉండాలి. తర్వాత వచ్చిన సవరణ ప్రకారం, దాన్ని మామూలు మనుషుల చేత చదివించి, అడిగినది వెతికి పట్టుకోగలుగుతున్నారా, పట్టుకున్నది అర్థమైందా అని పరీక్షించాలి కూడా. (మన కవితా సంపుటాలకి కూడా ఇలాంటి పరీక్ష ఒకటి పెడితే బాగుణ్ను.) అంత చేసినా ఆ కాగితాలు చదివితే గుండె జారుతుంది. అరవై డెబ్భై దుష్ఫలితాలు వరుసగా. అందులో సాధారణం అంటే వందలో ఒకరి నుంచి పదిలో ఒకరి దాకా అని వాళ్ల లెక్క. చదివేవాడు సాధారణం అన్న మాట చూసి సగం మందికి వస్తుందేమో అనుకుంటాడు. నోరెండడం, చర్మం ఊడిపోవడం ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన ఉంటాయి. అన్నీ చెప్పి ఏదీ చెప్పకపోవడం అనే దోషం ఒకటుంది. నవలల్లో మనకి బాగా తెలిసిన దోషమే.

నిజం ఒప్పుకోవాలి. అమ్మ పూర్తి డబ్బా కొన్నా ఆ కాగితం చదివేది కాదు. నేను పక్కనే ఉన్నా చదివేదాన్ని కాదు. కాబట్టి కాగితాన్ని అందుబాటులో పెట్టండి అంటే చాలదు. ఎక్కడో పెట్టి ఉండటం వేరు, మనకి చెప్పడం వేరు. నా గొడవంతా ఈ తేడా గురించే.

మన దేశంలో పెట్టడానికి చాలానే పెట్టారు. మందుల దుష్ఫలితాల మీద నిఘాకి 2010 నుంచి ఒక జాతీయ కార్యక్రమం ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది. వాళ్లు 2023 నవంబర్ 30న ఒక అలర్ట్ ఇచ్చారు. మెఫినమిక్ యాసిడ్ మీద. ఈ పేరు చెప్తే ఎవరికీ తెలీదు, మెఫ్తాల్ అంటే మన హాస్టల్ రూముల్లో తెలియని ఆడపిల్ల ఉండదు. నెలసరి నొప్పికి బ్యాగులో పెట్టుకు తిరిగే బిళ్ళ. దానివల్ల డ్రెస్ సిండ్రోమ్ రావచ్చని అలర్ట్. డ్రెస్ అంటే బట్టలు కాదు, ఇంగ్లిష్ పొడి అక్షరాలు. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపుతో మొదలై కాలేయం, మూత్రపిండాల దాకా పోగల అలర్జీ. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. వారం తర్వాత పేపర్లలో వచ్చింది, మా పాత హాస్టల్ గ్రూపులో 'మెఫ్తాల్ బ్యాన్ చేశారంట' అని ఒకరు, 'పదేళ్ల నుంచి వేసుకుంటున్నా నాకేం కాలేదు' అని ఒకరు. బ్యాన్ చెయ్యలేదు, ఎవరూ చెయ్యమనలేదు కూడా.

ఆ అలర్ట్‌ని రచనగా చదివాను. ఒక్క పేజీ, ఇంగ్లిష్, ఒక పట్టిక. మందు పేరు, దేనికి వాడతారు, ఏం ప్రతిచర్య. డాక్టర్లూ, రోగులూ, వాడకందారులూ ఈ ప్రతిచర్య వచ్చే అవకాశాన్ని జాగ్రత్తగా గమనించాలి, వస్తే మాకు తెలపాలి అని ముగింపు. రోగులు, వాడకందారులు అన్న మాటలు ఉన్నాయి, మెచ్చుకోవాలి, షీటు వెనక వాక్యం కన్నా చాలా దూరం వచ్చింది. కానీ దేన్ని గమనించాలి? ఆ పొడి అక్షరాల్ని గమనించాలా? ఒంటి మీద ఏం కనపడుతుందో మామూలు మాటల్లో లేదు. ఎన్ని వారాల దాకా చూసుకోవాలో లేదు.

వాడకందారులు దుష్ఫలితాల గురించి ఫిర్యాదు చెయ్యడానికి ఆ సంస్థ దగ్గర ఒక ఫారం ఉంది. అది తెలుగులో కూడా ఉంది. టోల్‌ఫ్రీ నంబర్ కూడా ఉంది, 1800-180-3024. ఈ ఫారం చూసి ముందు సంతోషించాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. మనం వాళ్లకి చెప్పేది తెలుగులో చెప్పొచ్చు. వాళ్లు మనకి చెప్పేది ఇంగ్లిష్‌లోనే.

డబ్బా మీద భాష సంగతికొస్తే, దిగుమతి మందుల రిజిస్ట్రేషన్ కోసం డ్రగ్స్ రూల్స్‌లో ఉన్న షెడ్యూల్ డి-2, లోపలి కాగితం ఇంగ్లిష్‌లో ఉండాలి అంటుంది. 2023 ఆగస్ట్ 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఆహా అనుకుని ఒకటి ఫోన్‌తో స్కాన్ చేశాను. మందు పేరు, కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబర్. రూల్ అడిగినవి కూడా అవే. నకిలీదా కాదా తెలుసుకోవడానికి అది, మంచిదే. కానీ తెలుగు హెచ్చరిక పెట్టడానికి చోటు లేదు అనే సాకు ఆ చిన్న నల్ల చదరంతో పోయింది కదా.

చోటు లేకపోవడం, ఖర్చు, ఇన్ని భాషల్లో ఎలా అనే సాకులన్నిటికీ జవాబు మన పొలాల్లో ఉంది. పురుగుమందు డబ్బా ఎప్పుడైనా చూశారా? క్రిమిసంహారక మందుల రూల్స్ ప్రకారం లేబుల్ హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ఆ ప్రాంతపు భాషలో కూడా ఉండాలి. విషం ఎంత తీవ్రమో చెప్పడానికి రంగు గుర్తు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. లోపలి కాగితంలో విరుగుడు, మీద పడితే ఏం చెయ్యాలి, అన్నీ. ఆ తెలుగు గొప్పగా ఉంటుందని అనను, అక్షరాలు కూడా చిన్నవే. కానీ వరంగల్‌లో పత్తికి కొట్టే మందు రైతుతో తెలుగులో మాట్లాడాలని 1971 నాటి రూల్స్ ఒప్పుకున్నాయి. అదే రైతు నోట్లో వేసుకునే మందు ఒప్పుకోలేదు. రెండిటినీ మనం మందు అనే అంటాం మరి.

తెలుగులో రాస్తే ఎలాంటి తెలుగులో రాయాలి అన్నది నా అసలు గుబులు. ప్రభుత్వం చేతిలో పెడితే ఏమొస్తుందో ఊహించగలను. 'ప్రతికూల ఔషధ ప్రతిచర్యలు', 'అతిసున్నితత్వ లక్షణాలు'. ఇంగ్లిష్ కన్నా కష్టం. మనకి ఆ మాటలు అక్కర్లేదు. ఒక మాట ముందునుంచీ ఉంది. 'పడలేదు.' ఆ మందు నాకు పడదు, వంకాయ పడదు, ఈ ఊరి నీళ్లు పడలేదు. మందుదీ తప్పు కాదు, మనిషిదీ తప్పు కాదు, ఇద్దరికీ పొసగలేదు అని చెప్పే మాట. ఈ జబ్బు గురించి సైన్స్ చెప్పేది కూడా ఇంచుమించు అదే, జన్యువుకీ మందుకీ పొసగలేదని. అమ్మ నాలుగు రోజులకే మందులు కొనేది కూడా ఆ మాట వల్లే. ఆమె దగ్గర ఆలోచన ఉంది, సమాచారం లేదు.

పెద్దమ్మ దగ్గర కూడా ఆలోచన ఉంది. ఆవిడ చెప్పిన కారణం తప్పు, చెప్పిన పని ఒప్పు. నేను చెప్పిన కారణం ఒప్పు, చెప్పిన పని తప్పు. ఈ లెక్క నేను పెద్దమ్మ ముందు ఒప్పుకున్నాను. "నాకేం తెలుసమ్మా, మా అమ్మ చెప్పింది నేను చెప్పాను" అంది. ఆ మంచితనం భరించడం కష్టం.

అందుకని నేనే ఒకటి రాద్దామనుకున్నాను. డబ్బా మీద పట్టేంత. ఆరు సార్లు రాశాను, కథలు కూడా అన్నిసార్లు తిరగరాయలేదు. మొదటిసారి 'చర్మంపై దద్దుర్లు ఏర్పడినచో' అని వచ్చింది. చేతికి అలవాటైన ప్రభుత్వం. మందు అర్ధాంతరంగా ఆపితే మూర్ఛ ఉన్నవాళ్లకి ఫిట్స్ తిరగబెట్టొచ్చు, కాబట్టి ఆపెయ్యండి అని ఊరికే రాసి వదిలెయ్యకూడదు, అదే రోజు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలి. చివరికి ఇలా తేలింది:

ఈ బిళ్ళ మొదలుపెట్టిన మూడు నెలల లోపు జ్వరం, గొంతు నొప్పి, కళ్ల మంట, నోట్లో పుండ్లు, ఒంటి మీద ఎర్ర మచ్చలు వస్తే అది అమ్మవారు అనుకోకండి, వైరల్ అనుకోకండి. ఈ బిళ్ళ మీకు పడకపోయి ఉండొచ్చు. ఇంకో బిళ్ళ వేసుకోకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.

మొన్న తెనాలి వెళ్లినప్పుడు అమ్మకి చూపించాను. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైరైంది, పెన్ను లేకుండా ఏ కాగితమూ చదవదు. కళ్లలో చుక్కలు వేసుకుని, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, తర్వాత చదివింది. 'అనుకోకండి' రెండుసార్లు ఎందుకని ఒకటి కొట్టేసింది. తర్వాత అడుగున తన గుండ్రటి అక్షరాల్లో ఒక లైన్ చేర్చింది. వెళ్లేటప్పుడు బిళ్ళల షీటు కూడా పట్టుకెళ్లండి, పేరున్న ముక్క.